మార్తమ్మ వయసు

తెల్లారగానే మార్తమ్మ బిందె చంకనెత్తుకుని పేట బావికి వెళ్లేది. నీళ్లు తోడినంతసేపూ నోరు మెదిపేది కాదు. ఆమె ఒక్కతే కాదు, పేటలో ఆడవాళ్లంతా అంతే. ఆ బావిలోకి వంగి ఎవరి పేరు వాళ్లు పలికితే, వాళ్లకి ఎన్నేళ్లుంటే అన్నిసార్లు ఆ పేరు తిరిగి పలుకుతుంది. పిల్లలైతే ఏడుసార్లూ ఎనిమిదిసార్లూ పలికించుకుని కేరింతలు కొట్టేవాళ్లు. పెద్దవాళ్లకి అంత ధైర్యమెక్కడిది? పక్కన ఇరుగమ్మ లెక్కపెడుతుందాయె!

మార్తమ్మకి మరీ భయం. తండ్రి పోయి పెళ్లి ఆలస్యమైతే, వాళ్లమ్మ ఐదేళ్లు కోసేసి, పిల్లకి పదిహేనేనని చెప్పి యాకోబుకిచ్చి చేసింది. నిజానికి ఆమె మొగుడికంటే రెండేళ్లు పెద్ద. పాతికేళ్లుగా ఆ మాట కడుపులోనే దాచుకుంది.

ఆ ఏడు మొవ్వ చుట్టుపక్కల ఊళ్లలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఊరికీ పేటకీ మధ్య పంటకాలవ, దాని మీద ఒకే ఒక్క తాటిదుంగ. కిందటి వానల్లో తోడికోడలు సంతోషమ్మ కూతురు బడికెళ్తూ ఆ దుంగ మీంచి జారిపడింది. జడ చేతికి దొరికింది కాబట్టి మార్తమ్మ లాగగలిగింది. వంతెన వేయించి తీరతానని ఆ రోజే అనుకుంది. పదేళ్లుగా మెంబరుగా ఉండి "చూద్దాంలే" అంటున్న కాంతారావు మీద పోటీకి నిలబడింది. ఆయనేమో ఊళ్లో పెద్ద రైతు.

బడిలో ఓట్లు లెక్కపెట్టారు. కాంతారావుకి నూట పన్నెండు. మార్తమ్మకీ నూట పన్నెండే! అబ్బో, బడి ఆవరణంతా హోరెత్తిపోయింది.

"రూలు ప్రకారం చీటీలు వెయ్యాలి" అన్నాడు ఎన్నికల ఆఫీసరు.

ఫ్రెంచివాళ్ల కాలంలో యానాంలో పంతులుగా చేసి వచ్చిన విల్సన్ మాస్టారు చటుక్కున లేచాడు. "ఫ్రాన్సులో ఇలా కాదండీ! ఊరి కౌన్సిలుకి అక్కడ ఆదివారంనాడు ఓట్లు. కాగితం కవర్లో పెట్టి పెట్టెలో వేస్తారు. సగానికి పైగా ఓట్లు రాకపోతే వచ్చే ఆదివారం రెండో విడత. అప్పుడు ఎవరికెక్కువొస్తే వాళ్లే. అప్పుడూ సమానమైతే చీటీలూ గీటీలూ లేవు, వయసులో పెద్దవాళ్లే నెగ్గినట్టు!"

కాంతారావు మొహం వెలిగిపోయింది. "అదీ పద్ధతంటే! జాబితా చూడండి, నాకు నలభై నాలుగు, మార్తమ్మకి నలభై. ఏమ్మా, ఒప్పుకుంటావా?"

"చీటీ వద్దు, తప్పుకుంటున్నానని ఒకరు రాసిస్తే నాకేం అభ్యంతరం?" అన్నాడు ఆఫీసరు.

మార్తమ్మ యాకోబుకేసి చూసింది. నిజం చెబితే వంతెన వస్తుంది. మరి యాకోబుకి మొహమెలా చూపించడం? అతనేమో తల వంచుకుని కాలివేలితో నేల గీస్తున్నాడు. చేతిలో ఆ తడి జడ ఇంకా ఉన్నట్టే అనిపించింది మార్తమ్మకి.

"ఒప్పుకుంటానండీ. కానీ జాబితా కాదు, బావి చెప్పాలి."

"ఓస్, అంతేనా, పదండి!" అని నవ్వాడు కాంతారావు.

జనమంతా పొలోమని బయల్దేరారు. కాంతారావు పేటలో కాలుపెట్టడం అదే మొదలు. పంచె ఎగ్గట్టి దుంగ ఎక్కాడు, సగంలో ఊగిపోయి "ఓరి నాయనో!" అని కేకపెట్టాడు. అవతలి గట్టునుంచి మార్తమ్మే చెయ్యి అందించింది.

ముందు ఆయన వంగి పేరు చెప్పాడు. బావి సరిగ్గా నలభై నాలుగుసార్లు పలికింది. ఆయన మనుషులు ఈలలు వేశారు.

మార్తమ్మ వంగింది. పెళ్లయ్యాక ఒకే ఒక్కసారి ఆ బావిలో పలికిన పేరు మళ్లీ పలికింది. "మార్తమ్మ!"

జనం గొంతెత్తి లెక్కపెట్టారు. ముప్ఫై, ముప్ఫై ఐదు, నలభై. నలభై ఒకటి అనగానే ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నలభై మూడు, అది యాకోబు వయసు. మార్తమ్మ కళ్లు మూసుకుంది. నలభై నాలుగు.

బావి ఆగిపోయింది.

"సమానం! మళ్లీ సమానం!" అని ఎవరో అరిచారు.

"మార్తమ్మ!" అంది బావి, తీరిగ్గా.

ఇక చూడాలి పేట సంబరం! డప్పులు మోగాయి, విల్సన్ మాస్టారు పైపంచె గాల్లోకి ఎగరేశాడు. కాంతారావు మాట మీద నిలబడి, తప్పుకుంటున్నానని ఆఫీసరు రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, తిరిగి దాటాల్సిన దుంగకేసి చూశాడు.

"మెంబరుగారూ, ముందు ఆ వంతెన సంగతి చూడండమ్మా" అన్నాడు.

జనం పలచబడ్డాక మార్తమ్మ యాకోబు దగ్గరికొచ్చింది. "విన్నావుగా" అంది, తలెత్తకుండా.

"ఇవాళేంటి వినేది? పెళ్లయిన కొత్తల్లో బిందె జారవిడిచి, 'మార్తమ్మా, నీ చేతులకేమొచ్చిందే' అని బావిలోకి తిట్టుకున్నావు చూడు. గట్టు వెనకే ఉన్నాను. ఇరవైదాకా లెక్కపెట్టాను."

"మరి జాబితాలో నలభై అని రాయించావేం?"

"నువ్వు దాచుకున్నదాన్ని నేనెందుకు బయటపెడతాను?" అన్నాడు యాకోబు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అతను మాత్రం నవ్వుతూ దుంగకేసి చెయ్యి చూపించాడు. "అవతలి గట్టునుంచి ఆఫీసరు పిలుస్తున్నాడు. పద, పెద్దదానివి, ముందు నువ్వు నడువు."