సదాశివ గుమ్మం మీది సలాం

పుస్తకాలు కుట్టే ఖుద్రతుల్లా పొద్దున్నే నమాజు కాగానే అరుగు మీద కూర్చుని జిగురు ఉడకబెట్టుకునేవాడు. దారిన పోయేవాళ్ల పలకరింపులు గువ్వలై ఆయన గుమ్మం మీద వాలేవి. బదులివ్వగానే ఎవరి గువ్వ వాళ్లింటికి ఎగిరిపోయేది. మారేడ్‌పల్లిలోని ఆ వీధిలో ఎవరు మనసారా పలకరించినా అంతే.

మతగ్రంథాలు చదివినవాడని ముసల్మానులు ఆయన్ని సందేహాలు అడిగేవారు. వేరే మతంవాళ్ల పండగకి ముబారక్ చెప్పొచ్చా అంటే, "పెద్దలు తలోమాట అన్నరు. నేను పట్టుకున్నది ఒక్కటే. వాళ్లు పలకరిస్తే అంతకన్నా మంచిగ బదులియ్యాలె. మనంతట మనం షురూ చెయ్యొద్దు" అనేవాడు. ఎదురింటి వడ్రంగి సదాశివ ఏటా దసరాకి జమ్మి ఆకు చేతిలో పెట్టి, గుండెకు హత్తుకుని అలాయ్‌బలాయ్ ఇస్తే, "అల్లా నీ ఇల్లు సల్లగ సూడాలె" అని దువా చేసేవాడు. ఇరవై ఏళ్లు అలాగే నడిచింది.

ఆ ఏడు శ్రావణంలో సదాశివ తమ్ముణ్ణి సొంతూళ్లో రజాకార్లు చంపేశారు. నెల తిరిగేసరికి యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఇప్పుడు భయం ఖుద్రతుల్లా ఇంట్లో చేరింది.

దసరా వచ్చింది. చావు జరిగిన ఇంట పండగ లేదు. సదాశివ రాలేదు.

"ఆయన రాడు. మీరు సుత పోరా?" అంది భార్య జైబున్నీసా.

ఆయన కితాబు తెరిచాడు, మూశాడు. లేచి వీధి దాటాడు.

"అస్సలాము అలైకుం, సదాశివా. తమ్ముడు పోయిననాడే రావాల్సింది. నీ ముఖం సూడనీకి భయపడ్డ."

సదాశివ తలుపు వేసుకున్నాడు. బదులు దొరకని సలాం గువ్వై ఆ గుమ్మం మీదే ఉండిపోయింది. సదాశివ భార్య పుష్పమ్మ గింజలు వేస్తే ముట్టలేదు.

మూడోనాడు బక్రీదు. ఈద్గా నుంచి వస్తున్న ఖుద్రతుల్లాను వీధి మొదట్లోనే సిపాయిలు పట్టుకున్నారు. రజాకార్ల కాగితాలు కుట్టాడని ఎవరో చెప్పారట. లారీలో అప్పటికే ఇద్దరు తలలు వంచుకుని కూర్చున్నారు. అధికారి సదాశివను పిలిపించాడు.

"తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడివి. వీడు వాళ్ల మనిషేనా? నీ మాట చాలు."

సదాశివ నోరు తెరిచాడు. చచ్చిన తమ్ముడి ముఖం కళ్లల్లో మెదిలింది. 'అవును' అంటే అయిపోయేది. అప్పుడు గువ్వ వచ్చి ఆయన భుజం మీద వాలింది. మూడురోజులు తిండి లేక ఈకంత తేలికైపోయింది.

"జెర ఆగుండ్రి సాబ్. ముందు ఈయనకు బదులు చెప్పాలె నేను." ఖుద్రతుల్లా వైపు తిరిగాడు. "వాలేకుం సలాం, మౌల్వీ సాబ్."

గువ్వ ఎగిరిపోయింది. ఆ మాట నోరు దాటాక సదాశివకు అబద్ధం రాలేదు.

"పుస్తకాలు కుట్టుకునే మనిషి సాబ్. వాళ్లల్ల లేడు."

లారీ ఆ ఇద్దరితోనే కదిలింది. వాళ్లు మళ్లీ ఇల్లు చేరలేదు. ఖుద్రతుల్లా మట్టిలో కూలబడ్డాడు. సదాశివ చెయ్యి అందించలేదు.

"తెల్లారి తమ్ముని మాసికం. వచ్చి కూసో" అని లోపలికి పోయాడు.

పోవచ్చా లేదా అని ఖుద్రతుల్లా ఏ కితాబులోనూ వెతకలేదు. మరునాడు పండగ బట్టలు మడిచి పెట్టి, ఉతికిన పాత అంగీ తొడుక్కుని వెళ్లాడు. ఆ ఇంట్లో ఏడుపులు సద్దుమణిగేదాకా చాప మీద కూర్చున్నాడు.