అలాంటి జబ్బు

ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె తన తువ్వాలు కోసం ఇల్లంతా వెతికింది. చివరికి అది స్నానాలగది తలుపు వెనక, చీపురు తగిలించే మేకుకు వేలాడుతూ కనిపించింది. పిల్ల తిరిగే ఇల్లు కదా, ఎవరి వస్తువులు వాళ్లకుంటేనే మంచిదని అత్తగారు వంటింట్లోంచే సర్దిచెప్పింది. తన పరీక్షలో బయటపడ్డ వైరస్ తువ్వాళ్ల మీదా కంచాల్లోనూ కాపురం చేసేది కాదని, అంటుకునేది పడక దగ్గరేనని డాక్టరమ్మ విడమరిచి చెప్పిన మాటలు ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. తువ్వాలు మేకు మీంచి తీసి మడతపెట్టింది.

ఆ వైరస్ వల్ల గర్భాశయ ముఖద్వారంలో కణాలు కొన్ని మారాయనీ, పరికరంతో దగ్గరగా చూసి, అవసరమైతే చిటికెడు కండ తీసి పరీక్షకు పంపాలనీ డాక్టరమ్మ చెప్పింది. "క్యాన్సర్ కాదమ్మా. ఇంకా కాదు," అంది. ధైర్యం చెప్పడానికి అన్న మాటే. కానీ ఆ 'ఇంకా' ఆమె వెంట ఇంటికొచ్చింది. అన్నం కలుపుకుంటున్నా, జడ వేసుకుంటున్నా పక్కనే కూర్చుంది. రమ్మన్న రోజున బస్టాపు దాకా వెళ్లి, ఆసుపత్రి బస్సు వదిలేసి దుకాణానికి పోయే బస్సెక్కింది. చూడకపోతే లేనట్టేనని మనసు ఎంత సులువుగా నమ్మిస్తుందో!

భర్త బీమా ఏజెంటు. రాని ఆపదల గురించి మనసుకెక్కేలా చెప్పి ఊరందరి చేతా సంతకాలు పెట్టించే మనిషి. సంగతి చెబితే, ప్రమాదమేమైనా ఉందా అని అడుగుతాడనుకుంది. అతను మాత్రం ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసి, "అలాంటి జబ్బు నీకెలా వచ్చింది?" అన్నాడు. ఎవరినుంచి, ఏ ఏట వచ్చిందో ఏ పరీక్షా తేల్చలేదనీ, లోకంలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదేననీ, ఎక్కువమందిలో దానంతటదే పోతుందనీ, కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి నక్కి ఉంటుందనీ ఆమె విన్నది విన్నట్టు అప్పజెప్పింది. అతను సగమే విన్నాడు. "అంటే నా వల్లే అంటావా?" అని లేచిపోయాడు.

ఆమె భయాన్ని అదిమిపెట్టి ఆ వైరస్ సోకకుండా వేసే టీకా ప్రస్తావన తెచ్చింది. తనకైతే ఆలస్యమైంది కానీ, పన్నెండేళ్ల కూతురు గువ్వకు ఇప్పుడే వేయిస్తే మేలట. "అలాంటి టీకా మన పిల్లకెందుకే, పిల్లేమన్నా అలాంటిదా?" అంది అత్తగారు, మనవరాలిని వెనకేసుకొస్తున్నాననుకుని. భర్త తలూపాడు. మాట అక్కడితో ముగిసింది.

అలాంటి. ఈ ఇంట్లో ఆ మాట మూతపెట్టిన గిన్నె. లోపలేముందో ఎవరూ చూడరు, వాసన మాత్రం అందరికీ తెలుసంటారు. తను మాత్రం తక్కువ తిందా? బట్టల శుభ్రం దుకాణంలో ఆమె పని మరకలు గుర్తించి సుద్దతో గీతలు గీయడం. డాక్టరమ్మ దగ్గరికి మొదట వెళ్లినప్పుడు, సెలవెందుకని యజమాని అడిగితే పన్ను నొప్పి అంది. పంటికున్న పరువు ఒంట్లో అన్నిటికీ లేదు. అబద్ధమాడాక, ఎవరిదో కోటు మీద గీత గీయబోతే సుద్దముక్క విరిగింది.

టీకా మాట వచ్చిన మర్నాడు గువ్వకు జడ వేస్తుండగా, అద్దంలోంచి తల్లినే చూస్తూ పిల్ల అడిగింది.

"అలాంటి జబ్బంటే ఎలాంటిదమ్మా?"

దువ్వెన ఆగింది. పిల్ల తలుపు చాటునుంచి ఎంత విన్నదో, విన్నదాన్ని ఏమనుకుని మోస్తోందో! పెద్దయ్యాక తెలుస్తుందిలే అనబోయింది. తన తల్లి తనకు చెప్పింది సరిగ్గా అదేనని గుర్తొచ్చింది. రేపు ఇదే పిల్ల ఏ డాక్టరు ముందో కూర్చుని 'ఇంకా' అన్న మాట వింటే?

"బడి సంచి పక్కన పెట్టు," అంది. "ఆసుపత్రికెళ్దాం. దారిలో చెప్తాను."

దారిలో అన్నీ చెప్పింది. కొన్నిచోట్ల మాటలు దొరక్క తడుముకుంది. నీకూ ఉందా అని గువ్వ అడిగినప్పుడు ఉందంది. చచ్చిపోతావా అని అడిగినప్పుడు మాత్రం పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తొందరగా చూపించుకుంటే నయం చేస్తారు," అంది.

టీకా వేస్తుంటే గువ్వ మొహం తిప్పుకుంది, అంతే. జబ్బ పట్టుకుని గువ్వ నడవాలోకి వచ్చాక, ఆమె గుమాస్తా దగ్గరికెళ్లి, తప్పిపోయిన తన పరీక్ష ఈరోజు కుదురుతుందా అని అడిగింది. కుదరదంటే బాగుండునని లోలోపల కోరుకుంది. కాసేపు కూర్చోమన్నారు. లోపలినుంచి లోహపు పళ్లెంలో ఏవో తగిలిన చప్పుడు వినిపించింది. ఆమె పేరు పిలిచారు. ఫోను కూతురి చేతికిచ్చింది.

"నాన్న చేస్తే ఏం చెప్పనమ్మా? బజారుకెళ్లిందని చెప్పనా?"

పక్క కుర్చీల్లో అందరూ తెలియనివాళ్లే. ఆమె గొంతు తగ్గించబోయి, తగ్గించలేదు.

"అమ్మ గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోడానికి వెళ్లిందని చెప్పు."

ఒక పెద్దాయన పేపరు దించి చూశాడు. గువ్వ పెదాలు కదుపుతూ ఆ మాటను ఒకసారి తనలో తాను పలికి చూసుకుంది. తర్వాత, తప్పు పోకుండా, పైకి పలికింది.