వచ్చే ఏటి కొలత

మా తమ్ముడు కుట్టిన బట్ట బిగుతుగా ఉందని ఇంతవరకూ ఏ పిల్లలూ ఏడవలేదు. ఏడిస్తే గిడిస్తే చేతులు ఎక్కడున్నాయో కనపడక ఏడ్చి ఉంటారు. వాడు దర్జీ. పిల్లల బట్టలకి పెట్టింది పేరు. అదే కొట్లో కాజాలూ గుండీల పని నాది కాబట్టి వాడి గొప్పలూ తిప్పలూ రెండూ నాకు తెలుసు. ఏ తల్లయినా పిల్లాణ్ణి తీసుకొచ్చి "కాస్త పెరిగే వయసు, మాస్టారూ" అంటే చాలు, వాడి మొహం వెలిగిపోతుంది. అంచులో మడత మీద మడత, భుజం దగ్గర లోపలికో కుట్టు, నడుము దగ్గర ఇంకో కుట్టు. పిల్లాడు పెరిగేకొద్దీ ఒక్కోటీ విప్పుకుంటూ పోవచ్చు. ఆ చొక్కా ముందు చిరగాలి తప్ప పొట్టి అవదు.

అయితే ఊరి పిల్లలకి ఒక న్యాయం, సొంత కూతురికి ఇంకో న్యాయం. ఊరి పిల్లల్ని కనీసం టేపు పెట్టి కొలిచాక వదులు కలుపుతాడు. కూతుర్ని అసలు కొలవనే కొలవడు. "నా కూతురి కొలత నాకు తెలీదా?" అంటాడు.

ఆ పిల్లని మేమంతా చిటికెన అంటాం. నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రి గాజుపెట్టెలో పడుకోబెట్టిన రోజుల్లో నిజంగానే చిటికెన వేలంత అనిపించేది. ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. పరుగులు వయసుకి తగ్గట్టే ఉన్నాయి, నోరు వయసుకంటే ముందే ఉంది, ఒళ్ళు మాత్రం కాస్త వెనకబడింది. "పిల్ల ఆరోగ్యంగా ఉంది. దాని తీరులో అది పెరుగుతుంది" అని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ళమ్మ ఆ మాట నమ్మింది. మావాడు బుద్ధిగా తలూపి, కొట్టుకొచ్చి, ఆరేళ్ళ పిల్లకి పట్టే గౌను కత్తిరించాడు. చిటికెన అన్న పేరు వాడి నోట ఒక్కసారీ రాలేదు. "పెద్దమ్మాయ్" అని పిలుస్తాడు. వాళ్ళకున్నది ఆ ఒక్కతే.

మా మరదలు కారు నడపడం నేర్పుతుంది. రోజంతా పక్కసీట్లో కూర్చుని, ఇంకొకళ్ళ తప్పులకి తను బ్రేకు తొక్కడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లోనూ ఇంచుమించు అదే పని.

చిటికెనకి కొత్త బడి ఖాయమైంది. పెద్ద రోడ్డు మీద చాలా దూరం. సోమవారం నుంచి రోజూ వాళ్ళమ్మ కార్లోనే వెళ్ళాలి. ఇన్నాళ్ళూ వెనక్కి తిరిగి కూర్చునే చిన్నపిల్లల సీటు వాడారు. చిటికెన తల ఇప్పుడు దాని పైఅంచు దాకా వచ్చేసింది కాబట్టి తరవాతి సీటు కొనాలి. మరదలికి శనివారం క్లాసులు. అందుకని మొగుడికి వల్లెవేయించినట్టు చెప్పింది: ముందుకి తిరిగి ఉండేది, రెండు భుజాల మీంచీ సొంత పట్టీలు వచ్చేది. అది పూర్తిగా చాలకుండా పోయాకే, ఎత్తుకోసం వేసి కారు బెల్టు పెట్టే పెద్దపిల్లల సీటు.

సాయంత్రం మావాడు పెద్దపిల్లల సీటు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇదేంటండీ?" అంది మరదలు.

"సీటు."

"నేను చెప్పింది దీని ముందుది."

"అది ఏడాది తిరక్కుండా పొట్టయిపోతుంది. ఇదైతే హైస్కూలు దాకా వస్తుంది."

"సీట్ల కొట్లో పిల్ల ఎత్తు అడగలేదా?"

"అడిగారు. చెప్పాను."

"ఎంత చెప్పారు?"

మావాడు సుద్దముక్క వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది వాడి చెవి మీదే ఉంది.

మరదలు ఆ సీటుని కార్లో వేసి, పిల్లని కూర్చోబెట్టి, బెల్టు పెట్టింది. చిటికెన మహారాణిలా చూసింది. పెద్దవాళ్ళ బెల్టు కదా మరి.

"చూడండి. పై పట్టీ భుజం మీద ఉండాలి, మెడ మీద ఉంది. కింది పట్టీ తొడల మొదట్లో ఉండాలి, పొట్ట మీద ఉంది" అంది మరదలు.

"అంతేగా! సర్దుతాను."

"ఇది సర్దేది కాదండీ."

"నేను సర్దలేనిది ఏముంది?" అన్నాడు మావాడు. గొప్పకి అన్నాడనుకోకండి. నిజంగానే అలా అనుకుంటాడు.

ఆవిడ ఆఖరి క్లాసుకి వెళ్ళగానే పని మొదలైంది. కత్తిరింపు ముక్కలన్నీ కూరి ఓ దిండు కుట్టాడు, సీటు కింద వేస్తే పిల్ల ఎత్తు అవుతుందని. బెల్టుని మెడ నుంచి కిందికి లాగి పట్టడానికి ఒక గట్టి గుడ్డపట్టీ. "అక్కా, దీనికో కాజా తియ్యి" అన్నాడు. తీశాను. మంచి కాజాయే తీశాను. అందుకే మర్నాడు ఆ నేరంలో నాకూ వాటా దక్కింది.

ఆదివారం పొద్దున మరదలు ఆ వైభవమంతా చూసింది. ఆవిడ అరిచే మనిషి కాదు. అరిస్తే బావుండు, అయిపోయేది.

"సరే, పరీక్ష పెడదాం" అంది.

"పెట్టు. దాన్ని కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పి చూడు."

"దాన్నెందుకండీ? మీ బొమ్మ ఉందిగా, తెండి."

మా కొట్లో ఒక గుడ్డబొమ్మ ఉంది. పిల్లలు కుదురుగా నిలబడి చావరని మావాడే దూది కూరి, కాళ్ళూ చేతులూ పెట్టి, బరువు కోసం లోపల ఇసక మూటలు వేసి తయారుచేశాడు. చిటికెన బట్టలన్నీ దాని ఒంటిమీదే కుదురుస్తాడు. ఆ పూట దానికి బడికోసం కుడుతున్న కొత్త గౌను తొడిగి ఉంది. మావాడు దాన్ని పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు ఎత్తుకొచ్చి, దిండు మీద సీటు, సీటు మీద బొమ్మ పెట్టి, బెల్టు బిగించి, నా కాజాలో గుండీ దూర్చాడు. వెనక్కి జరిగి తల పక్కకి వంచి చూసుకున్నాడు. ఎంత బాగా కుదిరిందో అన్నట్టు నావైపు చూశాడు. తను ముందు సీట్లో కూర్చున్నాడు.

నేనూ చిటికెనా కొట్టు మెట్టు మీద నిలబడ్డాం. వీధి ఖాళీగా ఉంది. మరదలు చివరిదాకా వెళ్ళి, తిరిగి, మావైపు వచ్చింది. వేగమంటే ఎంత, సైకిలు కంటే కాస్త ఎక్కువ. సరిగ్గా మా ముందు బ్రేకు తొక్కింది.

వెనక తలుపు తీసి చూశాం. దిండు ముందుకి జారింది. దాంతో సీటు జారింది. గుండీ ఎటు పోయిందో పోయింది. బొమ్మ నడుము ఆ కింది పట్టీ అడుగునుంచి దూసుకుని కిందికి వెళ్ళిపోయింది. గడ్డానికి పై పట్టీ తగులుకుని, సీటు అంచున వేలాడుతోంది.

"నాన్నా! నా గౌను పడిపోయింది!" అని చిటికెన చప్పట్లు కొట్టి నవ్వింది. మేమెవరం నవ్వలేదు.

మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు ఊరుకుంటుందా? "బొమ్మ కాబట్టి జారింది. పిల్లయితే ఆనుకుని కూర్చుంటుంది కదా" అన్నాడు.

"బొమ్మ దానికంటే పెద్దదే కదండీ? పెద్దదే జారితే..."

"పెద్దదేంటి? అచ్చం దాని కొలతే."

మరదలు బొమ్మ మెడ కింద నుంచి బెల్టు తీసింది. బొమ్మని తెచ్చి మెట్టుకి ఆనించి నిలబెట్టింది. "ఇలా రా, చిటికెనా" అని పిల్లని దాని పక్కన నిలబెట్టింది. చిటికెన నడినెత్తి బొమ్మ భుజం దగ్గర ఆగింది. పిల్ల వేసుకున్న గౌను పాదాల్ని కప్పేసి ఉంది. చేతుల జాడ లేదు.

నేను రోజూ చూసే పిల్లే. రోజూ చూసే బొమ్మే. రెంటినీ పక్కపక్కన ఎప్పుడూ చూడలేదు. ఎదురింటాయన వీధి దాటుతుంటే చొక్కా కొలత చెప్పేస్తాడు మా తమ్ముడు. అలాంటివాడు కూతుర్నీ బొమ్మనీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు.

"చిన్నదేనండీ. ఉంటే ఏమైంది?" అంది మరదలు మెల్లిగా.

వాడు మెట్టు మీద కూలబడ్డాడు. "దానికి సరిపోయేట్టు కుడితే... అక్కడే ఆగిపోతుందేమోనని భయం" అన్నాడు. "ఆ గాజుపెట్టె దగ్గర నిలబడినప్పటి నుంచీ అదే భయం."

అంత పెద్ద మాట వాడు నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మరదలు పక్కన కూర్చుంది.

"మీ గుడ్డని చూసి పెరుగుతుందటండీ అది? తిని పెరుగుతుంది, నిద్రపోయి పెరుగుతుంది. వచ్చే ఏటి పిల్లని వచ్చే ఏడు తీసుకెళ్తాను. రేపు నేను కార్లో ఎక్కించుకునేది ఇవాళ్టి పిల్లని. దీనికి సరిపోయేది కావాలి నాకు."

వాడు లేచాడు. మెడలో టేపు తీసి, "నిలబడమ్మా" అన్నాడు. పిల్లకి అదో ఆట. టేపు తగిలిన చోటల్లా చక్కిలిగింతలని మెలికలు తిరిగింది. మడమ నుంచి నడినెత్తి దాకా, తరవాత కూర్చోబెట్టి నడుము నుంచి భుజం దాకా, కస్టమరుకి తీసినంత శ్రద్ధగా తీశాడు. ఒకసారి తీసి ఊరుకోలేదు, మళ్ళీ తీశాడు. అంకె పెరగలేదు. ఎంతో నేను చెప్పను, అది మా ఇంటి విషయం. తరవాత లోపలికెళ్ళి దిండునీ గుడ్డపట్టీనీ పెద్దకత్తెరతో ముక్కలు చేశాడు. నా కాజా కూడా పోయింది.

మధ్యాహ్నం పెద్దపిల్లల సీటు పట్టుకుని అందరం అది కొన్న కొట్టుకి వెళ్ళాం. అమ్మే అమ్మాయి వాణ్ణి గుర్తుపట్టింది.

"పాప ఎత్తు ఎంతండీ?"

చెప్పాడు. కొట్టంతా వినపడేట్టు చెప్పాడు.

"నిన్న వేరే చెప్పినట్టున్నారే?"

"అది వచ్చే ఏటి కొలతండి."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, ముందుకి తిరిగి ఉండే సీటు తీసింది. కారు దగ్గరికి వచ్చి, పట్టీలు చిటికెన భుజాలకి సమంగా వచ్చే గాడిలోకి మార్చి చూపించింది. మరదలు సీటు మీద మోకాలు ఆనించి, బెల్టు లాగి బిగించి, సీటుని పట్టుకుని ఊపింది. కదల్లేదు. పిల్లని కూర్చోబెట్టి పట్టీలు బిగించింది.

"గిల్లి చూడండి, సార్. భుజం దగ్గర పట్టీలో మడత రాకూడదు" అంది అమ్మాయి.

మావాడు వంగి రెండు వేళ్ళతో పట్టీ గిల్లాడు. మడత రాలేదు. ఇంకోవైపు గిల్లాడు. అదీ రాలేదు. చిటికెన గౌను చేతులు పైకి ఎగదోసుకుని, తన చేతుల్నీ పట్టీల్నీ చూసుకుంది.

"నాన్నా, ఇది నా అంతే ఉంది!" అంది. అంత సంబరంగా వాడు కుట్టిన ఏ గౌన్ని చూసీ అనలేదు.

"అవునమ్మా. నీ అంతే ఉంది" అన్నాడు వాడు.

అమ్మాయి తిరిగిచ్చిన సీటుని లోపలికి తీసుకెళ్ళబోతూ ఆగింది. "ఆ కొత్తదాని పట్టీలు పాపకి చాలనప్పుడు మళ్ళీ ఈ పెద్దపిల్లల సీటే కావాలి సార్. కొంచెం తగ్గించి ఇస్తాను, ఇప్పుడే ఉంచేసుకుంటారా?"

మరదలు డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దంలోంచి మొగుణ్ణి చూసింది. నేనూ చూశాను. వాడు అటువైపు తిరిగి వచ్చి, వెనక సీట్లో కూతురి పక్కన సర్దుకుని కూర్చుని, తన బెల్టు పెట్టుకున్నాడు.

"వద్దండీ" అన్నాడు. "తొందరేం లేదు."

మరదలు కారు తీసింది.