రిపోర్టు ఎవరికి చెప్పాలి

కొత్త చట్టం వచ్చాక ఆస్పత్రి ల్యాబు కౌంటర్లో నా పని ముప్పాతిక మువ్వీసం "చెప్పకూడదండీ" అనడమే. రోగి జబ్బు సంగతి రోగి ఒప్పుకున్నవాళ్లకే చెప్పాలి. ఒకప్పుడు రిపోర్టులు పప్పుబెల్లాల్లా పంచేవాళ్లం. బావమరిది అడిగినా ఇచ్చేవాళ్లం, పక్కింటాయన అడిగినా ఇచ్చేవాళ్లం. చట్టం మంచిదే, కాదనను. కానీ దాన్ని రాసినవాళ్లు రాసి ఊరుకున్నారు, తిట్లు మాత్రం నాకు.

ఆ మధ్యాహ్నం ఒకతను వచ్చి వాళ్లమ్మ గడ్డ పరీక్షలో ఏం తేలిందో చెప్పమన్నాడు. స్క్రీన్ మీద చూశాను. ఆవిడ అప్పటికే ఒంటరిగా వచ్చి, డాక్టరు నోట విని వెళ్లింది. ఎవరికి చెప్పవచ్చు అన్నచోట "ఎవరికీ వద్దు" అని పెట్టించింది.

"చెప్పకూడదండీ," అన్నాను.

"కొడుకుని మేడమ్! పరాయివాణ్ణా?"

"ఎవరైనా అంతేనండీ. ఆవిడ ఒప్పుకోవాలి."

"అడిగితే తనకి తెలిసిపోదూ? అసలే అమ్మది పిరికి ప్రాణం. క్యాన్సరని తెలిస్తే ఆ దిగులుతోనే పోతుంది. నాకొక్కడికి చెప్పండి చాలు. ఏదో చిన్న గడ్డని నచ్చజెప్పి ఆపరేషన్ చేయిస్తా."

ఆవిడ వచ్చి వెళ్లిందని చెప్పడం కూడా తప్పే. మళ్లీ అదే మాట అన్నాను. అతను అరవలేదు. అరిచినా బాగుండేది, అరుపులు నాకు అలవాటే. కౌంటరు అంచు పట్టుకుని, తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

రోగిని మరోసారి అడగడానికి ఏ రూలూ అడ్డం రాదు. పక్క గదిలోకి వెళ్లి ఆవిడకు ఫోన్ చేశాను.

"మీ అబ్బాయి వచ్చారమ్మా. రిపోర్టు సంగతి చెప్పమంటారా?"

"వద్దు తల్లీ, వాడు తట్టుకోలేడు. ఆపరేషన్ వద్దని డాక్టరుగారికి చెప్పేశాగా. ఏమీ లేదని చెప్పి పంపెయ్."

"అబద్ధం చెప్పలేనమ్మా."

"అయితే ఏమీ చెప్పకు."

ఆవిడ జబ్బు గురించి రూలుంది. కొడుకు ఏడుపు గురించి నాకెవరూ ఏ రూలూ చెప్పలేదు. విసుగొచ్చిందో, జాలేసిందో, అనేశాను.

"ఆయన బయట నిలబడి ఏడుస్తున్నారమ్మా."

"వాడు ఏడుస్తున్నాడా?" తర్వాత, "ఫోన్ వాడికియ్యి," అంది.

బయటికొచ్చి ఫోన్ ఇచ్చాను. అతను చెవిన పెట్టుకుని విన్నాడు. ముఖం పాలిపోయింది.

"తెలుసా? నీకు ముందే తెలుసా?" అన్నాడు. ఆ తర్వాత హాలంతా తలలు తిప్పేలా అరిచాడు. "నా దగ్గర దాస్తావా అమ్మా? కన్నకొడుకు దగ్గర! నీకు మనసెలా ఒప్పింది?"

ఆ మాట అన్నాక అతనే ఆగిపోయాడు. నా వైపు చూసి, సిగ్గుపడి, గోడ వైపు తిరిగాడు.

"నేనూ నీ దగ్గర దాచిపెట్టడానికేనమ్మా ఇక్కడికొచ్చింది," అన్నాడు మెల్లగా. "ఉండు, వస్తున్నా. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."