తడిక అవతలి నీళ్ళు

ఆ ఏడు నందిగామలో దుర్గాంబకి నచ్చినదంటూ ఏదీ మిగల్లేదు. బస్సుల హారన్లు నచ్చలేదు. రోడ్డుకి అవతల వెలిసిన కాఫీ హోటలూ, అందులో పొద్దస్తమానం మోగే రేడియో నచ్చలేదు. టెర్లిన్ చొక్కాలు నచ్చలేదు. ఎవరు ఎవరో తెలియకుండా పోవడం అసలు నచ్చలేదు. పుట్టింది జగ్గయ్యపేటలో అయినా కాపురానికి వచ్చిన దగ్గర్నించీ ఇదే ఆవిడ ఊరు. ఒకప్పుడు ఎదురొచ్చే మనిషి నడక చూసి ఫలానా వాళ్ళ అబ్బాయని చెప్పగలిగేది. ఇప్పుడు అన్నీ కొత్త మొహాలే. పైగా ఆ కొత్త మొహాలే ఈవిడ వంక, ఎవరీ ముసలమ్మ అన్నట్టు చూసిపోతున్నాయి. కోపం రాదూ మరి?

ఆ కోపమంతా వచ్చి కూర్చునేది చలిపందిట్లో. భర్త కృష్ణయ్య బెజవాడకి మిరపకాయల బండి తోలుకెళ్ళి తిరిగొస్తూ, పరిటాల దాటాక వడదెబ్బ తగిలి బండి మీదే ప్రాణం వదిలాడు. దారిలో గుక్కెడు నీళ్ళు దొరికి ఉంటే బతికేవాడని చూడవచ్చిన వాళ్ళందరూ అన్నారు. ఆ మాట దుర్గాంబ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. మరుసటి ఎండాకాలానికి పెద్ద రోడ్డు పక్కన తాటాకు పందిరి వేయించింది. తన చేలోని మంచినీళ్ళ బావి నుంచి నీళ్ళు తెప్పించి, తడి ఇసుక మీద బానలు పేర్చి, వట్టివేళ్ళు వేసి, జీతానికి మనిషిని పెట్టకుండా తనే కూర్చుని పోసింది. అప్పట్నించి పాతికేళ్ళ పైమాటే, ఒక్క ఏడూ తప్పలేదు. మొగుడి పేరు చెప్పుకోవడానికి పిల్లలు లేరు. ఉన్నదల్లా ఈ పందిరి. జగ్గయ్యపేట నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చేవాళ్ళు ఆగి, నీళ్ళు తాగి, కృష్ణయ్యగారు చల్లగా ఉండాలని దీవించి పోయేవాళ్ళు. చచ్చిపోయిన మనిషి చల్లగా ఉండటమేమిటని వాళ్ళూ ఆలోచించలేదు, ఈవిడా అడగలేదు.

పందిరికి ఒక పద్ధతి ఉండేది. ముందువైపు బల్ల మీద ఇత్తడి గ్లాసులు. పక్కవైపు మనిషెత్తు వెదురు తడిక, తడికలో ఒక కన్నం, ఆ కన్నంలోంచి బయటికి ఒక రేకు దోనె. గ్లాసు అందించే ముందు దుర్గాంబ, ఏ ఊరు నాయనా, ఎవరింటివాళ్ళు అని అడిగేది. ఆవిడ దృష్టిలో అది మర్యాద. నీళ్ళతో పాటు ఒక మంచిమాట. జవాబుని బట్టి గ్లాసు ముందుకి వచ్చేది, లేదంటే వేలు తడిక వైపు చూపించేది. నిజానికి చూపించాల్సిన పనే పడేది కాదు. మాలపల్లెవాళ్ళూ మాదిగపల్లెవాళ్ళూ ఎవరూ చెప్పకుండానే తడిక పక్కకి పోయి, దోనె కింద వంగి దోసిలి పట్టేవాళ్ళు. ఈవిడ లోపల్నించి పోసేది. అందరికీ అవే నీళ్ళు, అదే బాన. దాహమన్నవాణ్ణి కాదన్నది లేదు. ఇందులో తప్పేముందని ఎవరైనా అంటే ఆవిడకి అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకోవాలనీ అనిపించేది కాదు.

నైజాం రాజ్యం పోయి, అటూ ఇటూ ఒకటే రాష్ట్రమై, గరికపాడు సరిహద్దు దగ్గర మూటలు విప్పించే కాపలాలు ఎత్తేశాక రోడ్డు తీరే మారిపోయింది. బండ్లు తగ్గాయి. హైదరాబాదు లారీలు దుమ్ము రేపుకుంటూ ఆగకుండా పోతున్నాయి. బస్సు దిగినవాడు తన వైపేదో చూసుకోడు, నేరుగా గ్లాసుల దగ్గరికే వస్తాడు. చొక్కా చూసి పోల్చుకుందామంటే అందరివీ ఒకలాంటి చొక్కాలే. కిందటి ఎండల్లో ఒక ఉద్యోగస్తుడు అలాగే వచ్చి చెయ్యి చాచాడు. ఎవరింటివాళ్ళని అడిగితే, దాహమేసినవాణ్ణండీ అన్నాడు. దుర్గాంబ మళ్ళీ అడిగింది. అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, హోటల్లో సోడా తాగి, అట్నుంచి అటే పంచాయతీ ఆఫీసుకి పోయాడు.

ఆ మాట ఏడాది పాటు నానింది. ఈ ఏడు పందిరి వేసే రోజులొచ్చేసరికి పంచాయతీ తీర్మానం చేసింది. దోనె తీసేస్తేనే రోడ్డు పక్కన జాగా, లేకపోతే పందిరి పీకించేస్తారు. సోమవారం మధ్యాహ్నం మెంబర్లు వచ్చి చూస్తారు. ఈ సంగతి ఇంటికొచ్చి చెప్పింది ప్రెసిడెంటు జగన్నాథరావే. అతను దుర్గాంబకి స్వయానా మరిది కొడుకు, ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాడు. అంటరానితనం నేరమనే చట్టం వచ్చి ఏళ్ళయిందనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ, ప్రేమదాసుగారు పట్టుబట్టారనీ నసిగాడు. ప్రేమదాసు అంటే మాలపల్లె బసవమ్మ కొడుకు, కొత్తగా గెలిచిన మెంబరు. దుర్గాంబకి తీర్మానం కంటే ఆ 'గారు' ఎక్కువ గుచ్చుకుంది. తల్లి కొంగు పట్టుకుని ఇదే దోనె కింద నీళ్ళు తాగిన పిల్లాడు వాడు.

సోమవారం పొద్దున దుర్గాంబ ఒక పని చేసింది. దోనె తియ్యలేదు. ఇత్తడి గ్లాసులన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. అందరూ ఒకటే అన్నారుగా, అందరూ దోనె కిందే తాగండి అనుకుంది. దీనికి ఏ తీర్మానం చేస్తారో చూద్దామని కొంగు బిగించి కూర్చుంది.

పేట బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు ఖాళీ బల్ల చూశారు, దోనె చూశారు, హోటలుకి పోయారు. ఆ తర్వాత కీసర నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు, కృష్ణయ్యని ఎరిగినవాడు. సంగతి విని మొహం మాడ్చుకుని, ఇంత అవమానం చేస్తావనుకోలేదమ్మా అని బండెక్కాడు. అయినా దుర్గాంబ పెట్టె తాళం తియ్యలేదు. ఎండ నెత్తికెక్కింది. బానలు నిండుగా అలాగే ఉన్నాయి. మొదటి బాన ఖాళీ అయ్యేదాకా తను నీళ్ళు ముట్టకూడదని ఆవిడ నియమం. పొద్దుట్నించి నోట్లో తడి లేదు, నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. అయినా కదల్లేదు.

మధ్యాహ్నానికి జగన్నాథరావు వచ్చాడు. పక్కన ప్రేమదాసు. వాళ్ళ వెనక, ఏం జరుగుతుందో చూద్దామని హోటల్లోంచి లేచివచ్చిన జనం. జగన్నాథరావు బల్ల వంకా దోనె వంకా చూసి తెల్లబోయాడు.

"ఇదేంటి పెద్దమ్మా?"

"మీరడిగిందే చేసా. ఒకటే నీళ్ళు, ఒకటే దోనె. రా నాయనా, ఎండనపడి వచ్చావు. అటుపోయి వంగు, పోస్తా."

జగన్నాథరావు కదల్లేదు. ఖద్దరు కండువాతో మెడ తుడుచుకున్నాడు. తనకి దాహం లేదన్నాడు. దాహం లేనివాడికి పెదాలు ఎందుకంత ఎండాయని దుర్గాంబ అడిగింది. అందరి ముందూ ఆటలేమిటి పెద్దమ్మా అని గొంతు తగ్గించాడు. ఆవిడ మాత్రం తగ్గించలేదు. తీర్మానం మీద సంతకం చేసిన చేతులు దోసిలి పట్టడానికి రావా అంది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. జగన్నాథరావు మొహం కందగడ్డయింది.

"నేను అక్కడ తాగటమేంటి?" అన్నాడు చివరికి.

ప్రేమదాసు మెల్లగా అన్నాడు.  "ప్రెసిడెంటుగారు ఒక్క పూట తాగలేని చోట మా అమ్మ పాతికేళ్ళు తాగిందండి."

ఆ మాటకి దుర్గాంబ ఒళ్ళు మండిపోయింది. మీ అమ్మని అడుగు, నేనేనాడైనా కాదన్నానేమో అడుగు అని గట్టిగా అరిచింది. అడగటానికి ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని బసవమ్మ రోజూ వచ్చే వేళకే వచ్చింది. జనాన్ని చూసి బెదిరి, మోపు దించి తడిక పక్కన ఒదిగి నిలబడింది. దుర్గాంబకి కొండంత బలం వచ్చినట్టయింది. ఇన్నేళ్ళలో నీకు నీళ్ళు లేవన్నానా అని అడిగింది. లేదమ్మగారూ అంది బసవమ్మ. ఒక్కనాడైనా విసుక్కున్నానా? లేదమ్మగారూ. కొడుకు వంక చూడకుండా, నేల చూస్తూ చెప్పింది.

"విన్నారుగా," అంది దుర్గాంబ. "ఇందులో చిన్నతనమేముంది? నా కృష్ణయ్య పేరు మీద పోసే నీళ్ళు, ఎట్నించి తాగితే ఏం? మీకు నామోషీ అయితే నేనే తాగుతా, చూడండి."

అనేసి, ఆ ఊపులో నియమం మాట మరిచి, పందిట్లోంచి ఇవతలికి వచ్చింది. వచ్చాక గాని తట్టలేదు, తను ఇటొస్తే అటు పోసేదెవరని. జగన్నాథరావు చూపు తిప్పుకున్నాడు. ప్రేమదాసు ఒక అడుగు ముందుకి వేశాడు. అతను పోస్తే అతను గెలిచినట్టే అనిపించింది ఆవిడకి. ఆ మొండితనంలో నోట్లోంచి మాట జారిపోయింది.

"నువ్వొద్దు. బసవమ్మా, నువ్వు లోపలికి వెళ్ళి పొయ్యి."

 బసవమ్మ కొయ్యబారిపోయింది. బానలు ముట్టుకోనా అన్నట్టు చూసింది. తనేమందో దుర్గాంబకి అప్పుడు తెలిసింది, కానీ అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడ వంశంలో లేదు. నేనే చెబుతున్నాగా, వెళ్ళు అంది.  బసవమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుని, చాలక ఇసుకతో రుద్దుకుని, తల వంచుకుని పందిట్లోకి అడుగుపెట్టింది. తడిక అవతల ఆమె కనపడకుండా పోయింది.

దుర్గాంబ దోనె కిందికి వెళ్ళింది. దోనె ఆవిడ అనుకున్నదానికంటే కిందికి ఉంది. నడుం విరిగినంత వంగితే గాని నోరు అందలేదు. దోసిలి గడ్డానికి ఆనించి పట్టుకుంది. నీళ్ళు ఒక్కసారిగా వచ్చి మొహాన కొట్టాయి. ముక్కులోకి పోయాయి. పొలమారింది. దగ్గుతుంటే వేళ్ళ సందుల్లోంచి, మోచేతుల మీదుగా, చీర మీదికీ ఇసుకలోకీ నీళ్ళు కారిపోయాయి. ఆగమని చెప్పాలంటే నోరు ఖాళీ లేదు, సైగ చేస్తే చూసేవాళ్ళు లేరు, ఎదురుగా తడిక తప్ప ఏమీ కనపడదు. ఎలాగో సర్దుకుని మొదటి గుక్క మింగింది. రెండో గుక్క మింగింది. ప్రాణం లేచి వచ్చింది. మూడో గుక్కకి దోసిలి పట్టుకుంటే నీళ్ళు ఆగిపోయాయి.

వంగినది వంగినట్టే కాసేపు చూసింది. దోనె అంచున ఒక చుక్క వేలాడి రాలింది. ఆ తర్వాత రాలేదు.

"ఆపావేం?"

"చెంబు అయిపోయిందమ్మగారూ," అంది అవతల్నించి బసవమ్మ. గొంతులో ఎత్తిపొడుపు లేదు, భయమే ఉంది. "మీరు పోసేది చెంబేగా. ఎక్కువ పోస్తే ఏమంటారోనని."

దుర్గాంబ గుర్తు చేసుకుంది. నిజమే, చెంబే పోసేది. గ్లాసులవాళ్ళకి మళ్ళీ మళ్ళీ నింపి, ఇంకా కావాలా నాయనా అని అడిగేది. ఇటువైపు చెంబు వంచేసి, అటు తిరిగి ఇంకొకళ్ళని ఏ ఊరని అడిగేది. తడిక అవతల ఎవరు తాగారో, ఎంత తాగారో ఏనాడూ చూడలేదు. చూడాలని తోచలేదు.

"నీకు చాలేదా అది?" అంది మెల్లగా.

అవతల చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"సగం చేతుల్లోనే పోద్ది గదమ్మగారూ. ఏట్లో దిగి ఇసకలో చెలమ తోడుకుని తాగేదాన్ని. మా ఆళ్ళంతా అంతే."

ఏరు ఇక్కడికి దగ్గరా దాపా? ఎండాకాలం ఆ ఇసుకలో కాలు పెడితే బొబ్బలెక్కుతాయి. నెత్తిన మోపుతో, చలిపందిరి దాటి, గుక్కెడు నీళ్ళ కోసం అంత దూరం. పాతికేళ్ళుగా దుర్గాంబ రాత్రిళ్ళు పడుకునే ముందు, ఇవాళ నా మొగుడిలా ఎవరూ దాహంతో నా ఎదట్నించి పోలేదని దణ్ణం పెట్టుకుంటోంది.

"అడగలేదేం బసవమ్మా?"

"ఎట్టా అడగనమ్మగారూ."

జగన్నాథరావు దగ్గరకొచ్చి, ఇక లే పెద్దమ్మా, చూసింది చాలు, అందరూ నవ్వుతున్నారు అన్నాడు. నిజానికి ఎవరూ నవ్వడం లేదు. ప్రేమదాసు మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. దుర్గాంబ లేవలేదు. గొంతు ఇంకా ఎండుకుపోయే ఉంది. ఆ రెండు గుక్కలతో దాహం తీరకపోగా రెట్టింపయింది. ఇంకొంచెం పొయ్యమందామనుకుంది. మాట పైకి రావటం లేదు. అరవై ఏళ్ళ బతుకులో నీళ్ళు పోసిందే గాని ఒకర్ని పొయ్యమని అడిగింది లేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఇంకొంచెం పొయ్యి," అంది.

అది ఆవిడకే సరిగ్గా వినపడలేదు. తడిక అవతలికి ఎలా వినపడుతుంది? నీళ్ళు రాలేదు. దోసిలి అలాగే పట్టుకుని, నడుం అలాగే వంచి, అందరూ చూస్తుండగా, దుర్గాంబ గొంతు పెంచి మళ్ళీ అడిగింది.