రాడార్ గారి మలుపు

ఎర్ర కారు ముందు రాడార్ తారు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మోచేతులు నేలకు ఆనించి, కెమెరాను కారు మూతికి సూటిగా పెట్టి, చక్రాల కమ్మీల మీది ఎండ కాస్త పక్కకు జరిగేదాకా ఊపిరి బిగబట్టాడు. ఆ కారుకు అతని తండ్రి వయసు ఉంటుంది. పందేలు గెలిచింది, ఓడింది, ఏదో కొట్టంలో కోళ్లకు గూడై మగ్గింది. చివరికి ఓ డబ్బున్నవాడి కంటబడి మళ్లీ రంగు పూయించుకుంది. ఏడాదికోసారి ఇలాంటి ముసలి పందెం కార్లన్నీ ఈ మైదానానికి చేరతాయి. రెండు రోజులు అరిచి, పొగ కక్కి, ఫొటోలు తీయించుకుని, గుడ్డ కప్పుకుని వెళ్లిపోతాయి.

పక్కన ఇత్తడి గొట్టాన్ని తుడుస్తున్న మెకానిక్ ఏదో అన్నాడు. రాడార్ తల ఊపాడు. మెకానిక్ నవ్వాడు. రాడార్ కూడా నవ్వాడు. ఏమన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

కొన్నేళ్లుగా అతని బతుకు ఇలా తల ఊపడం మీదే నడుస్తోంది.

రాడార్ అన్న పేరు డ్రైవర్లు పెట్టింది. ఒకప్పుడు కళ్లు మూసుకుని నిలబడి, చెట్ల వెనక నుంచి వస్తున్నది ఏ కారో చప్పుడును బట్టి చెప్పేసేవాడు. వాళ్లు కాఫీలు పందెం కాసి ఓడిపోయేవారు. అది సరదా కోసం నేర్చిన విద్య కాదు. నిలబడ్డ కారును ఎవడైనా ఫొటో తీస్తాడు. పరుగెత్తే కారును తీయాలంటే అది కనపడకముందే సిద్ధమై, దానితోపాటు నడుము తిప్పుతూ మీట నొక్కాలి. అప్పుడే కారు నిలిచి, లోకం గీతలై పోతుంది. కనపడ్డాక కెమెరా ఎత్తితే దొరికేది పొగ. ఆ చెవులతోనే అతను ఇల్లు నడిపాడు. ఆ కార్లే అతని చెవులను తినేశాయి. చెవుల్లో దూది పెట్టుకోమంటే నామోషీ అనుకున్నాడు మరి. మొదట పిట్టలు పోయాయి, తర్వాత ఫోను, ఆ తర్వాత వంటింట్లోంచి భార్య పిలుపు.

భార్య ఏమీ అనలేదు. మాట్లాడే ముందు మడమతో నేలను ఒకసారి తన్నడం, మొహం ఎదురుగా పెట్టి మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఇవాళ పొద్దున మాత్రం చెప్పులు తొడుక్కుంటుంటే, "ఇంక మానేయకూడదా మీరు?" అంది. పెదవుల కదలిక స్పష్టంగానే తెలిసింది. వినపడనట్టు నటించి బయటపడ్డాడు.

ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చాడంటే, పక్కవాళ్ల భుజాలు చూసి. కంచె దగ్గర ఫొటోగ్రాఫర్లు వరసగా నిలబడతారు. వాళ్ల భుజాలు లేవగానే ఇతని భుజాలూ లేస్తాయి. అయినా ఫొటోలు బాగానే వచ్చేవి. చేతుల్లో పని ఇంకా చెక్కుచెదరలేదు.

మోకాళ్ల దుమ్ము దులుపుకుని లేచేసరికి పందేల సంఘం కార్యదర్శి ఎదురుగా నిలబడి ఉన్నాడు, మొహమంతా నవ్వుతో.

"రాడార్ గారూ, ఈసారి చెట్ల మలుపు మీది. మీరొక్కరే. ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నారుగా! మీ చెవులుండగా మీకు తోడెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కొడుతున్న చేతులు కనిపించాయి. కుర్రతనమంతా అతను ఆ మలుపు కోసం కాళ్లావేళ్లా పడ్డాడు. కార్లు మిట్ట దాటి, చెట్ల నీడలోంచి ఒక్కసారిగా ఎండలో పడే చోటది. ఇప్పుడు వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఫొటోగ్రాఫర్లకిచ్చే ఈ పసుపు చొక్కా ఒంటి మీంచి ఊడుతుంది. చొక్కా లేకపోతే కంచె అవతల టికెట్టు కొనుక్కున్న జనంలో అతనూ ఒకడు. "చాలా సంతోషమండీ" అన్నాడు.

చెట్ల మలుపులో జెండా పట్టుకునేది అతని బావమరిది. మామూలు రోజుల్లో అద్దాల కొట్టులో అద్దాలు కోస్తాడు. ఏనాడో బావ వెంట ఈ గేటు లోపలికి వచ్చి, ఆ పిచ్చి వదలక ఏటా సెలవు పెట్టి జెండా పట్టుకుంటున్నాడు. ట్రాక్‌కు అవతల, గడ్డికట్టల వెనక అతని చోటు. అక్కణ్ణించి మిట్ట వెనక భాగం కూడా కనపడుతుంది. ముందు ప్రమాదముంటే పసుపు జెండా ఊపాలి. వచ్చే కార్లకు వీపు చూపకూడదు. జెండా మనిషికి మొట్టమొదట నేర్పే పాఠం అదే.

మొదటి పందెం మొదలైంది. రాడార్‌కు అరికాళ్లలో నేల అదిరింది, కానీ అప్పటికే కారు ఎదుటికి వచ్చేసింది. కెమెరా ఎత్తేసరికి దాటిపోయింది. ఆ పాత ఇంజన్లలో పోసే ఆముదం కాలిన వాసన మాత్రం తీరిగ్గా వచ్చి ముక్కుకు తగిలింది. రెండోదీ అంతే. పందెం ముగిసేసరికి కెమెరాలో కార్ల వెనక భాగాలు, ఖాళీ తారు మిగిలాయి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

విరామంలో బావమరిది ట్రాక్ దాటి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏంటి బావా, కార్లు వెళ్లిపోయాక దండం పెడుతున్నావు?"

రాడార్ కెమెరాకు మూత పెట్టాడు. "నాకు వినపడట్లేదురా."

"ఏది?"

"ఏదీ."

బావమరిది నవ్వబోయి ఆగాడు. "అక్కకి తెలుసా?"

"తెలుసు."

"అయితే ఇన్నాళ్లూ నా జోకులకి నువ్వు నవ్విందంతా అబద్ధమేనా?"

"వినపడే రోజుల్లో కూడా అబద్ధమే."

ఈసారి ఇద్దరూ నవ్వారు. బావమరిది అతని భుజం పట్టుకుని, మొహానికి మొహం పెట్టి నెమ్మదిగా చెప్పాడు. "కారు మిట్ట వెనక్కి రాగానే నేను చెయ్యెత్తుతా. నన్నే చూస్తుండు."

"నువ్వు ఇటు తిరక్కూడదు కదరా."

"నువ్వు చూశావో లేదో తెలియాలిగా. రెప్పపాటు పని. ఆమాత్రం చెయ్యనా, బావవి?"

వద్దనాల్సింది. అనలేదు. ఆ మలుపు మీద ఆశ అతన్ని అననివ్వలేదు.

మధ్యాహ్నం పందెంలో అతను మళ్లీ రాడారయ్యాడు. అవతల చెయ్యి లేచేది, బావమరిది మొహం ఇటు తిరిగేది, ఇతను తల ఊపేవాడు, అది అటు తిరిగేది. చెట్ల నీడలోంచి తోలుటోపీల డ్రైవర్లు దూసుకొచ్చేసరికి కెమెరా వాళ్లకోసం కాచుకుని ఉండేది. నీలం కారు దొరికింది. వెండిరంగు కారు దొరికింది. ఒంట్లో పదేళ్లు తగ్గినట్టనిపించింది.

మళ్లీ చెయ్యి లేచింది. రాడార్ తల ఊపి, కంటికి కెమెరా ఆనించి నడుము తిప్పాడు. ఆకుపచ్చ కారు మిట్ట దాటి ఎండలో పడింది. నొక్కాడు. అప్పుడు చూశాడు, కారుకు ముందు చక్రం ఒకటి లేదు. ఆ చక్రం కారు కంటే ముందే, తన దారిన తాను ఎగురుకుంటూ గడ్డికట్టల వైపు పోతోంది. కెమెరా దించి అరిచాడు. అరిచాననే అనుకున్నాడు. బావమరిది ఇంకా ఇటే చూస్తున్నాడు, చెయ్యెత్తి, ఫొటో దొరికిందా అన్నట్టు కనుబొమలెగరేస్తూ. తర్వాత అక్కడ లేడు. గడ్డిపోచలు కొన్ని గాలిలోకి లేచి మెల్లగా కిందికి దిగాయి. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

ట్రాక్ దాటి పరుగెత్తాడు. మీద పడి పిలిచాడు. ఎవరో రెక్క పట్టుకుని లాగేశారు. కెమెరా ఎక్కడ పడిందో చూసుకోలేదు. భద్రతాధికారి వచ్చి, కళ్లు చక్రం మీద పెట్టి, పక్కకు తిరిగి ఏదో అడిగాడు. రాడార్ తల ఊపాడు. మరొకటి అడిగాడు. దానికీ ఊపాడు.

కబురందుకుని భార్య, అతన్ని కూర్చోబెట్టిన నిర్వాహకుల గుడారంలోకి వచ్చేసరికి తమ్ముడి శవాన్ని తీసుకెళ్లిపోయారు. మెత్తటి గడ్డిమీద ఆమె అలవాటుగా మడమతో తన్నింది. అతనికి తెలియలేదు. గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"వాడు ట్రాక్ చూడకుండా దిక్కులు చూశాడట. తప్పు వాడిదేనట. మీరే ఒప్పుకున్నారటగా?"

తను దేనికి తల ఊపాడో అతనికి అప్పుడు అర్థమైంది. కుర్చీలోంచి లేచి, అవతల నిలబడ్డ కార్యదర్శిని చూస్తూ అన్నాడు.

"నాకు వినపడదండీ! ఆ అధికారి ఏం అడిగారో నాకు తెలీదు. వాడు దిక్కులు చూళ్లేదు, నన్ను చూశాడు. నాకు చెయ్యెత్తి చూపించడానికి ఇటు తిరిగాడు. నేనే తిరగనిచ్చాను."

ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియలేదు. గుడారమంతా ఇటు తిరిగింది. భార్య అతని గడ్డం మీదినుంచి చెయ్యి తీసేసింది. ఆమె మళ్లీ అతనికి ఎదురుగా నిలబడి మాట్లాడుతుందో లేదో అతనికి తెలియదు. ఎవరూ అడక్కుండానే పసుపు చొక్కా విప్పి కుర్చీకి తగిలించి బయటికి నడిచాడు.

కెమెరా మలుపు దగ్గర మట్టిలో దొరికింది. దాన్ని ఆన్ చేసి చూడలేదు. చూడకుండానే తెలుసు, చివరి ఫొటో దొరికింది.

ట్రాక్ దాటి బావమరిది నిలబడ్డ చోటికి వెళ్లాడు. చెదరని గడ్డికట్ట ఒకటి మిగిలింది. దానిమీద చేతిరుమాలు పరిచి ఉంది. రుమాలుకు ఓ పక్క నారింజ తొక్కలు, ఉమ్మిన గింజలు. ఇంకో పక్క బావకని ఉంచిన సగం పండు, గింజలు కూడా తీసేసిన తొనలు, ఇంకా ఎవరూ ముట్టకుండా, ఎండకు పైపొర బిగుసుకుంటూ ఉన్నాయి.