ముప్ఫై డిష్‌లు, ఒకే చెవి

"హైమా, ఎన్ని విజిల్స్ వచ్చాయి?" అని అరిచారు మా ఆయన. కుక్కరు ఆయనకి రెండడుగుల దూరంలో ఉంది. నేను డాబా మీద బట్టలారేస్తున్నాను. "మూడండీ!" అని కేకేశాను. పెళ్ళయిన ఈ పందొమ్మిదేళ్ళలో ఇంటిల్లిపాదికీ చెవులు నేనే. ట్యాంకు నిండి పొర్లినా, పాలు పొంగబోయినా, అత్తగారు దగ్గినా నేనే వినాలి. "దానివి పాము చెవులు" అని చుట్టాల ముందు మురిసిపోతారు మా ఆయన సూర్యనారాయణరాజు గారు. నేను చెప్పేది మాత్రం ఆయన చెవికెక్కదు.

రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కిందటేడు పిల్లల్ని తీసుకుని పూణే అవతలి రేడియో టెలిస్కోపులు చూసొచ్చాను. మైళ్ళ పొడవునా ముప్ఫై డిష్‌లు, ఒక్కోటీ మా మేడని మింగేసేంత. విడివిడిగా ఉంటూనే అన్నీ కలిసి ఒకే చెవి అయిపోతాయట. ఎక్కడెక్కడి నక్షత్రాల నుంచో వచ్చే తరంగాల్లో మనలాంటివాళ్ళ పలుకేమైనా ఉందేమోనని వెతికేవాళ్ళూ ఉన్నారు. మన గోల అడ్డొస్తుందని గేటు దగ్గరే ఫోన్లు ఆపించేశారు. ఉన్నట్టుండి కంటికి ఆనినంత మేర డిష్‌లన్నీ నెమ్మదిగా ఒకే వైపుకి తిరిగాయి. అమ్మ బాబోయ్! ఒళ్ళంతా జలదరించింది. ఎంత పెద్ద ఆకాశం, ఎంత ఓపిక! రెండు గంటలసేపు నన్నెవరూ పిలవలేదు. సంతోషంతో ఏడ్చేశాను, పిల్లలు చూస్తున్నా సరే.

అక్కడే నాలుగు నెలల శిక్షణకి ఎంపికయ్యాను. వస్తానో రానో ఇవాళ పదింటిలోగా చెప్పాలి. "పలకనివాళ్ళ కోసం నువ్వక్కడ కూర్చుంటే, ఇక్కడ పిలిచేవాళ్ళకి ఎవరు పలుకుతారు?" అన్నారాయన నిన్న. నిజం చెప్పొద్దూ, తప్పు చేసినదానిలా సిగ్గుపడ్డాను. "రాలేను" అని ఫోన్లో టైపు చేసి కూడా ఉంచాను.

కిందికి దిగేసరికి అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"ముప్ఫై డిష్‌లంట కదే, ఎన్ని ఛానళ్ళొస్తాయేంటి?"

నవ్వాగలేదు. "ఛానళ్ళు కాదండత్తయ్యా. పైన ఎవరైనా ఉన్నారేమోనని వింటారు."

"పలికారా మరి?"

"ఇంకా లేదండి. ప్రపంచంలో అరవై ఏళ్ళ పైనుంచీ వింటూనే ఉన్నారు."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఓరి నాయనో! ఉన్నారో లేరో తెలీనివాళ్ళ మాట కోసం అరవై ఏళ్ళా? మీ మావగారు, ఎదురుగా ఉన్నదాని మాట ఒక్కనాడూ చివరిదాకా వినలేదే తల్లీ."

పదికి ఇంకా ఆరు నిమిషాలుంది. "రాలేను" చెరిపేసి "వస్తున్నాను" అని కొట్టి పంపేశాను.

మా ఆయన గుమ్మంలోంచి వచ్చి నా ఫోన్లోకి తొంగిచూశారు. "పంపేశావా? నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అడగట్లేదండి, చెప్తున్నాను. కూర్చుని వినండి."